కదలకు బావా

మొన్న ఈస్టరునాడు, ఇంకా తెల్లవారకముందే, మా ఊరి సమాధుల తోటలో మా అక్క మనవరాలు ఒంటిచేత్తో సెల్‌ఫోను పైకెత్తి ఒక ఫొటో తీసింది. తీసి, చెప్పుల్లో పడిన గులకరాయిని దులుపుకుంటూ, పెద్ద విశేషమేమీ లేదన్నట్టు నాకు చూపించింది. వెనక కొండ గీత గీసినట్టుంది. కొండ మీద రెండు మూడు నక్షత్రాలున్నాయి. ముందు వరసలో కొవ్వొత్తులు, వాటి వెనక మా ఇంటివాళ్ళ మొహాలు, ఎవరి కళ్ళు వాళ్ళవిగా, ఎవరి నవ్వు వాళ్ళదిగా ఉన్నాయి. దానికి ముక్కాలిపీట లేదు, టార్చిలైటు లేదు, ఊపిరి బిగబట్టడం అంతకన్నా లేదు. బాగుందమ్మా అని పైకి అన్నాను గానీ, లోపల మాత్రం ఎవరో నా చేతిలో పలక లాక్కొని నేను దిద్దలేని అక్షరాన్ని ఒక్క గీతలో రాసిచ్చినట్టు ఉడుకుమోత్తనం వచ్చింది. అరవై దాటినవాడికి ఉండవలసిన బుద్ధి కాదది. అయినా వచ్చింది.

నా ఈడు వాళ్ళకు ఈ బాధ అర్థమవుతుంది. మనం పెళ్ళి ఫొటోలకు స్టూడియోలో కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్నవాళ్ళం. రీలు కడిగించుకుని, అందులో సగం తల తెగిపోయి వస్తే మన తలరాత అంతే అనుకున్నవాళ్ళం. అలాంటి తరంలో పుట్టి, యాభయ్యేళ్ళు నిండబోతుండగా నాకు రాత్రిపూట కొండల్ని ఫొటో తీయాలన్న పిచ్చి పట్టింది. ఎందుకు పట్టిందంటే సరైన జవాబు ఇప్పటికీ లేదు. రెండువేల పదమూడు ప్రాంతంలో, గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం చేస్తూ, పెద్ద లెన్సున్న కెమెరా ఒకటి కొన్నాను. పగలంతా నిద్ర, రాత్రంతా మేలుకువ అలవాటైన మనిషిని కాబట్టి, పగటి వెలుగులో తీసే ఫొటోలు నాకెందుకో వేరేవాళ్ళ సొమ్ములా అనిపించేవి. చీకటి మాత్రం నాదే అనుకునేవాణ్ణి. ఆ చీకటి నన్ను పెట్టిన తిప్పలు ఒకటీ రెండూ కాదు.

మొదట మా క్వార్టర్సు డాబా మీదనుంచే మొదలుపెట్టాను. కంటికి ఆకాశం నల్లగా, చుక్కలతో కనబడేది. కెమెరాలో చూస్తే ఆవకాయ నూనె ఒలికినట్టు ఎర్రగా వచ్చేది. కొలిమిలోంచి లోహం వదిలిన ప్రతిసారీ ఊరి మీద మబ్బంతా ఎరుపెక్కుతుందని ఇరవై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్న నేను అంతవరకూ గమనించనేలేదు. నాకు అన్నం పెట్టే వెలుగే నా ఫొటోకి అడ్డమైతే ఎవర్ని తిట్టాలి? మా ఆవిణ్ణి తిట్టేవాణ్ణి. వంటింటి దీపం ఎందుకు వేశావని, గుమ్మం తలుపు గట్టిగా ఎందుకు మూశావని, ఆ అదురుకి నా ఫొటో చెరిగిపోయిందని. ఆమె కొన్నాళ్ళు విని, ఒకరోజు అన్నం కంచం చీకట్లోనే నా ముందు పెట్టి, చేప ముళ్ళు మీరే ఏరుకోండి అని లోపలికి వెళ్ళిపోయింది.

అందుకని నా ఫొటోల మకాం మా ఊరికి మార్చాను. ఊరంటే గజపతినగరం దాటాక లోపలికి వెళితే, ఒక కొండ, దాని కింద మా బాప్టిస్టు సంఘంవాళ్ళ సమాధుల తోట, ఎదురుగా వరిపొలాలు, పొలాలకు ఇవతల ఒక రాతిమెట్ట. ఆ ఊళ్ళో మా అప్ప ఉండేది. మావైపు అక్కని అప్ప అనే పిలుస్తాం. ఆమె మా మేనమామ కొడుకునే చేసుకుని ఊళ్ళోనే నిలిచిపోయింది. ఆ బావకి మైకుసెట్లు, సీరియల్ బల్బులు అద్దెకిచ్చే వ్యాపారం. చుట్టుపక్కల ఏ పెళ్ళయినా, క్రిస్మసుకి ఏ ఇంటి మీద నక్షత్రం వెలగాలన్నా, వినాయకుడి పందిరికైనా, బావే వచ్చి తీగలు లాగాలి. మనిషి పొట్టి, మాట పెద్దది. సంఘంలో పెద్దమనిషే గానీ పాస్టరుగారికి తెలియకుండా చుట్ట కాల్చేవాడు.

నేను వారానికోసారి రాత్రి షిఫ్టు లేనినాడు బస్సు దిగి, కెమెరా సంచీ భుజాన వేసుకుని వాళ్ళింటికి చేరేసరికి, బావ గుమ్మంలోనే ఎదురయ్యేవాడు.

"ఏటిరా బావా, ఈ యేళ కూడా సీకటికి ఫొటో తీస్తావేటి?" అనేవాడు. "ఊరందరూ లైట్లెయ్యి లైట్లెయ్యి అని నా పేణం తీస్తారు. నువ్వొక్కడివే ఆర్పీమంటావు. నీలాటోళ్ళు ఇంకో ఇద్దరుంటే నా కొట్టు మూసీడమే."

అలా అంటూనే లుంగీ ఎగ్గట్టి, టార్చి పట్టుకుని నా వెనకాలే వచ్చేవాడు. నేను రమ్మన్నానా అంటే రమ్మనలేదు. చీకట్లో ఒంటరిగా మెట్ట ఎక్కుతానంటే మా అప్ప ఊరుకోదు, అదొకటి. రెండోది, ఆయనకి నేనంటే చిన్నప్పటినుంచీ అదొక తీరు. నేను చదువుకున్నవాణ్ణనీ, నేను చేసే పనేదో గొప్పదై ఉంటుందనీ.

కొత్తగా నేర్చుకునేవాడికి చీకట్లో వచ్చే మొదటి కష్టం ఫోకసు. పగలైతే కెమెరా తనంతట తనే చూసుకుంటుంది. చీకట్లో దానికీ కళ్ళు కనబడవు. లెన్సు ముందుకీ వెనక్కీ గుర్రుగుర్రుమని తిరిగి చివరికి షట్టరు పడదు. కంప్యూటర్లో ఇంగ్లీషు పేజీలు వెతికి చదివితే, దూరంగా ఒక మనిషిని టార్చితో నిలబెట్టి ఆ వెలుగు మీద ఫోకసు కుదుర్చుకోవాలని, ఆ తర్వాత దాన్ని ముట్టుకోకుండా టార్చి ఆర్పించి ఫొటో తీయాలని ఉంది. ఆ మనిషి బావ అయ్యాడు. నేను మెట్ట మీద, బావ పొలాల్లో గట్టు మీద. ఆయన టార్చి నావైపు తిప్పి నిలబడతాడు, నేను ఫోకసు పెడతాను, కేకేస్తాను, ఆయన ఆర్పుతాడు, నేను మీట నొక్కుతాను. షట్టరు అరనిమిషం తెరుచుకుని ఉంటుంది. అంతసేపూ ఎవరూ, ఏదీ కదలకూడదు.

వినడానికి ఎంత సులువుగా ఉంది! ఆ ఏడాదంతా నాకు ఒక్క ఫొటో పడలేదు. ఒకసారి గాలికి ముక్కాలిపీట వణికి ప్రతి నక్షత్రమూ రెండుగా వచ్చింది. (కెమెరా స్టాండుని ముక్కాలిపీట అన్నది బావే, ఆ పేరే నాకూ అలవాటైపోయింది.) ఒకసారి మంచు పడి లెన్సు చెమర్చింది, కొండకు బదులు పాలమీగడ వచ్చింది. ఒకసారి అన్నీ కుదిరాయనుకుని ఇంటికి వచ్చి కంప్యూటర్లో పెట్టి చూస్తే, ఫొటో అడుగున చీకట్లో ఎర్రటి వానపాములాంటి గీత ఒకటి మెలికలు తిరిగి ఉంది. ఎంతసేపు చూసినా అదేమిటో తెలియలేదు, తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బావ చుట్ట నోట్లోకీ బయటికీ తిరిగిన దారి అది. పాస్టరుగారికి చూపిస్తానని బెదిరిస్తే, "సూపించు, నీ ఫొటోలో నాదొక్కటే బాగా పడ్డాది" అన్నాడు.

పోనీ చీకటి ఎక్కువైతే బాగుంటుందేమోనని అమావాస్యలు చూసుకుని వెళ్ళేవాణ్ణి. చుక్కలు పడేవి గానీ కొండ ఒట్టి బొగ్గుముద్దలా వచ్చేది. కొండ కనబడాలంటే దాని మీద కాస్త వెన్నెల పడాలని, రాత్రి ఫొటోకి చంద్రుడు శత్రువు కాదని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో లేను. ఎందుకంటే అప్పటికి నాకు తెలియని విషయం మరొకటుంది: నేను నేర్చుకోవడం మానేసి కోపగించుకోవడం మొదలుపెట్టాను. ఫొటో చెడినప్పుడల్లా అది నా చేతిలో కాకుండా ఇంకెవరి చేతిలోనో చెడిందని అనిపించేది. ఆ ఇంకెవరో ఎప్పుడూ బావే. ఆయన్ని నిలబెట్టి తిట్టడానికి ఒక చోటూ, తప్పించుకోలేని ఒక పనీ నేనే కల్పించాను కదా.

ఒక రాత్రి, ఫొటోలో ఒక మనిషి ఉంటే కొండ ఎంత పెద్దదో తెలుస్తుందని ఎక్కడో చదివి, టార్చి ఆర్పాక కూడా బావని గట్టు మీద అలాగే నిలబడమన్నాను. షట్టరు తెరుచుకుని ఉండగానే ఆయన ఎగిరి గంతేశాడు. కాలి మీదికి జెర్రి పాకిందట. నేను మెట్ట మీదనుంచి, పొలాల్లో నీళ్ళు మళ్ళించుకునేందుకు వచ్చిన రైతులిద్దరు వింటుండగా, ఆయన్ని అనరాని మాటలన్నాను. తెలుగులో చెబితే అర్థం కాదా అన్నాను. రాయికున్న బుద్ధి కూడా లేదన్నాను. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. నన్ను భుజాన ఎక్కించుకుని గజపతినగరం సంతకు తీసుకెళ్ళినవాడు.

ఆయన కాలు తుడుచుకుని అటునుంచి కేకేశాడు. "సరేరా. నాను రాయినైపోతాను. నువ్వు అయిందని సెప్పినదాకా కదల్ను. ఇంక తియ్యి."

అక్కడినుంచి ఒక పద్ధతి ఏర్పడింది. దూరం కాబట్టి, ఫొటో అయిపోతే నేను నా టార్చి రెండుసార్లు వెలిగించి ఆర్పాలి. అది కనబడేవరకూ ఆయన కదలడు. నిజంగా కదిలేవాడు కాదు. దోమలు కుట్టినా, చినుకు పడినా, ఒక్కోసారి నేను కెమెరాలో వచ్చిన ఫొటో చూసుకుంటూ టార్చి సంగతి మరిచిపోయి చాలాసేపు అలా వదిలేసినా సరే. గుర్తొచ్చి వెలిగిస్తే, చీకట్లోంచి పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు వినబడేది. ఆ చప్పుడు నాకప్పుడు తమాషాగా ఉండేది.

ఇంతలో ఆ వర్షాకాలం మా అమ్మ పోయింది. అప్ప ఇంట్లోనే, అప్ప ఒళ్ళోనే పోయింది. నేను రాత్రి షిఫ్టులో ఉన్నాను. కొండ కిందనే, నాన్న పక్కన సమాధి కట్టించాం.

తర్వాతి ఏడాది మా గుడికి నూరేళ్ళు నిండుతాయనగా, పాస్టరుగారు నన్ను పిలిచి, జూబిలీ కేలండరు వేస్తున్నాం, దాని మీదికి ఒక మంచి ఫొటో మీరే ఇవ్వాలి, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో దీపాలూ వెనక కొండా వచ్చేటట్టు తీయండి అన్నారు. ఇతర ఊళ్ళవాళ్ళకు ఆ వాడుక తెలియకపోవచ్చు. ఈస్టరు ముందురోజు అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం వేస్తారు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే సంఘమంతా కీర్తనలు పాడుకుంటూ కొండ కిందికి వెళ్ళి, ఎవరి సమాధుల మీద వాళ్ళు కొవ్వొత్తులు వెలిగిస్తారు. సూర్యుడు రాకముందే వెలగాలి. చీకట్లోనే ఆ వెలుగుకు అర్థం, తెల్లారాక వెలిగించినా వెలిగించనట్టే. మా ఇంటి పద్ధతి ఇంకొకటి కూడా ఉంది. తల్లి సమాధి మీద మొదటి కొవ్వొత్తి కొడుకు వెలిగించాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు. మా నాయనమ్మకి మా నాన్న అలాగే చేసేవాడు, నేను ఆయన వేలు పట్టుకుని చూసేవాణ్ణి.

నూరేళ్ళ పండుగ కేలండరు మీద నా ఫొటో! వంద తప్పిన చోట ఒక్కటి గెలిస్తే అన్నీ మాసిపోతాయనుకున్నాను. ఈస్టరు ఎప్పుడూ పున్నమి దాటాకే వస్తుంది కాబట్టి కొండ మీద వెన్నెల ఉంటుందని ఈసారి ముందే లెక్క చూసుకున్నాను; నా నేర్పులో నిజంగా పెరిగినది అదొక్కటే. ముందురోజు సాయంత్రం సమాధికి సున్నం వేసి చేతులు కడుక్కుంటూ మా అప్ప అడిగింది.

"తమ్ముడా, అమ్మకిదే మొదటి పండగ. నువ్వు ముందొచ్చి ఎలిగించాల. మెట్ట మీద ఉండిపోతే నాను ఊరుకోను, సెప్తన్నాను."

ఒక్క ఫొటో తీసి దిగిపోతానని చెప్పాను. దిగి పొలాలమ్మట నడిస్తే పావుగంట. మా అమ్మ సమాధి దగ్గర బావ టార్చితో నిలబడేటట్టు, దాని మీద నేను ఫోకసు కుదుర్చుకునేటట్టు, ఫొటో పడగానే ఎప్పటిలాగే రెండుసార్లు టార్చి వెలిగించి నేను బయల్దేరేటట్టు అనుకున్నాం.

ఆ తెల్లవారుజామున మెట్ట మీద నేనొక్కణ్ణే. దూరంగా కీర్తన వినబడుతోంది, కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. బావ టార్చి కనబడింది, ఫోకసు కుదిరింది, బావ ఆర్పేశాడు, నేను మీట నొక్కాను. తెర మీద చూస్తే మరీ చీకటి. మళ్ళీ నొక్కాను. ఈసారి ఎవరిదో మోటారుసైకిలు దీపం సూటిగా నా లెన్సులోకి కొట్టింది. మళ్ళీ. ఈసారి లెన్సు మీద మంచు, తువ్వాలుతో తుడిచాను. నా కెమెరాకి ఒక రోగం ఉండేది. అరనిమిషం షట్టరు తెరిచాక, ఫొటోలో చుక్కచుక్కలుగా వచ్చే మరకల్ని తనే సరిచేసుకుంటూ ఇంకో అరనిమిషం ఎర్రదీపం వెలిగించుకుని ఊరుకునేది. ఆ సేపు ఎంత నొక్కినా పలకదు. ఆ సదుపాయాన్ని వద్దనుకుంటే ఆపుకోవచ్చని నాకు చాలా కాలం తర్వాతగానీ తెలియలేదు. ఆ ఎర్రదీపాన్ని చూస్తూ పళ్ళు నూరుకుంటూ, ఇంకొక్కటి, ఇదొక్కటి అనుకుంటూ నొక్కుతూనే ఉన్నాను.

అప్పుడొక వింత జరిగింది. ఫొటోలు బాగుపడసాగాయి. ఒకదానికన్నా ఒకటి మెరుగు. కొండ మీద బండలు విడివిడిగా కనబడుతున్నాయి, ఆకాశానికి నీలం రంగు వచ్చింది, సమాధుల అంచులు తేలాయి. నాకు గుండె ఉప్పొంగింది. ఇన్నాళ్ళకి చేయి తిరిగిందిరా అనుకున్నాను. ఏ మీట ఎంత తిప్పానో గుర్తుపెట్టుకోవాలనుకుంటూ, ఇంకాస్త ఇంకాస్త అని తీస్తూ పోయాను. నేను కొండకేసి, అంటే పడమటికి, తిరిగి ఉన్నాను. నా వీపు తూర్పుకి ఉంది. బాగుపడుతున్నది నా చేయి కాదు, నా వెనక తెల్లవారుతోంది.

వీపు మీద వెచ్చగా తగిలితే గానీ తిరిగి చూడలేదు.

పొలాలకు అడ్డంపడి పరిగెత్తాను. చేరేసరికి సంఘం వాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. అన్ని సమాధుల మీదా కరిగి కారిన మైనం ఎండలో మెరుస్తోంది. మా అమ్మ సమాధి మాత్రం కొత్త సున్నంతో తెల్లగా, ఒక్క మరక లేకుండా ఉంది. ఆ పక్కన బావ రెండు చేతులూ కిందికి వేలాడేసుకుని, మెట్టకేసి చూస్తూ, నేను నిలబెట్టిన చోటే నిలబడి ఉన్నాడు. అప్ప చేతిలో అమ్మకోసం తెచ్చిన కొవ్వొత్తుల కట్ట విప్పనుకూడా విప్పలేదు.

తర్వాత తెలిసింది. అప్ప రెండుసార్లు వెలిగించబోతే బావే ఆపాడట. "ఆగవే, ఆడింకా రెండుసార్లు లైటెయ్యలేదు. మనం కదిలితే ఆడి ఫొటో పాడైపోద్ది. వొచ్చీస్తాడు, మాటిచ్చాడు కదేటి" అన్నాడట.

నన్ను చూడగానే బావ మొదట అడిగిన మాట, "పడ్డాదేటిరా? నాను కదల్లేదు, సూసుకో."

అప్ప నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కొవ్వొత్తుల కట్ట పైటచెంగులో ముడేసుకుంటూ, "తెల్లారిపోనాది తమ్ముడా. ఇంక ఎలిగించి ఏటి సేస్తాం" అని ఇంటిదారి పట్టింది.

ఇక్కడితో ఆగి ఉంటే, పొరపాటు మనిషికి కాకపోతే ఎవరికి జరుగుతుందని ఏదోనాటికి నన్ను నేను సరిపుచ్చుకునేవాణ్ణేమో. ఆగలేదు. తీసినవాటిలో ఒకటి నిజంగానే బాగా వచ్చింది. నీలంలో ముంచినట్టున్న కొండ, కింద దీపాల వరసలు. అరనిమిషంలో మనుషులందరూ అటూ ఇటూ కదిలినందువల్ల పొగలాగా, నీడల్లాగా వచ్చారు. మా అప్ప కూడా పొగే. మొత్తం ఫొటోలో గోరంత మనిషైనా మేకు దిగేసినట్టు స్పష్టంగా ఉన్నది బావ ఒక్కడే. ఆయన పక్కన, సరిగ్గా ఫొటోకి నడుమ, దీపం లేని ఒక తెల్లటి చదరం.

విజయనగరంలో కేలండరు తయారుచేసే స్టూడియో కుర్రాడు దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి, "సార్, మధ్యలో ఇక్కడ బోసిగా ఉన్నాది, పక్క సమాధి మీద దీపం తీసి ఇక్కడ పెట్టీమంటారా?" అన్నాడు. నేను కాదనలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ క్షణంలో నాకు కాస్త హాయిగా కూడా అనిపించింది. ఎలాగూ ఆ రోజు వెలగవలసిందే కదా, ఇప్పుడు వెలుగుతోంది, అప్ప చూసి సంతోషిస్తుంది అనుకున్నాను. అతను మూడు కొవ్వొత్తులు పెట్టాడు. బావ మొహం మీద కాస్త పసుపు వెలుగు కూడా పూశాడు, నిజంలాగా ఉండాలని.

క్రిస్మసుకి ముందు ఆదివారం గుడిలో కేలండర్లు పంచారు. పాస్టరుగారు నన్ను లేపి నిలబెట్టారు. అందరూ మెచ్చుకున్నారు. బావైతే తన ఫొటో తనే వేలుపెట్టి చూపించుకుంటూ, ఊరంతా దెయ్యాల్లాగా వొచ్చారు, నానొక్కణ్ణే మనిషిలాగున్నాను అని నవ్వించాడు. నేను ఒక ప్రతిని చుట్టి, అప్పకి స్వయంగా ఇద్దామని వాళ్ళింటికి, వంటింట్లోకి తీసుకెళ్ళాను. ఆమె తడిచేతులు తుడుచుకుని, కిటికీ వెలుగులో పెట్టుకుని చాలాసేపు చూసింది. చూసి, అమ్మ సమాధి మీద వేలు ఆనించింది.

"ఒరే, ఇక్కడ ఆ యేళ దీపం ఎలగలేదు కదరా."

నేను ఏదో చెప్పబోయాను. కంప్యూటరు గురించో, బోసిగా ఉండటం గురించో.

"ఎలగలేదంటే ఎలగలేదు. అమ్మకి తెలీదేటి? ఎలగలేదని ఊరుకుంటే నాను మరిసిపోదును. ఇప్పుడు ఏడాది పొడుగునా గోడ మీద ఈ అబద్ధాన్ని సూసుకోమంటావేటి?"

కేలండరు మళ్ళీ చుట్టి బీరువా వెనక పెట్టేసింది. ఆ ఏడాదంతా సంఘంలో ప్రతి ఇంట్లోనూ నా ఫొటో వేలాడింది, మా అప్ప ఇంట్లో మాత్రం ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన కేలండరు వేలాడింది. నేను వెళ్ళినప్పుడల్లా దాని మీద నవ్వుతున్న వరిచేను కంకుల్ని చూస్తూ అన్నం తినేవాణ్ణి. నాతో మాట్లాడడం మానలేదు, వడ్డించడం మానలేదు. తమ్ముడా అన్న పిలుపు మాత్రం కొన్నేళ్ళు రాలేదు. ఒరే అనేది. తేడా తెలియదా మనకి?

నేనూ చాలాకాలం పశ్చాత్తాపపడ్డానని చెప్పను. ముందు ఉక్రోషపడ్డాను. ఊరంతా మెచ్చుకున్నదాన్ని సొంత అప్ప మెచ్చుకోలేదని, నా కష్టం ఎవరికీ అక్కరలేదని మా ఆవిడ దగ్గర గొణిగాను. ఆవిడ విని, మీ ఫొటోలో నిలబడ్డ మనిషిని మీరెప్పుడైనా చూశారా అంది. ఆ మాటతో మొదటిసారి, ఫోకసు కుదిరిందా లేదా అని కాకుండా, బావ మొహాన్ని పెద్దది చేసి చూశాను. నవ్వడం లేదు. మెట్టకేసి, నాకేసి, టార్చి వెలుగుతుందేమోనని చూస్తున్నాడు. ఆయన మొహం మీద స్టూడియో కుర్రాడు పూసిన పసుపు వెలుగు ఎంత అబద్ధమో, ఆ చూపు అంత నిజం.

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు రాత్రి ఫొటోలు తీశాను. ఎర్రదీపం రోగం ఆపడం నేర్చుకున్నాను, మంచు పడకుండా లెన్సుకి గుడ్డ చుట్టడం నేర్చుకున్నాను, ఫోకసు ఒకసారి కుదిర్చాక దాని మీద టేపు అంటించడం నేర్చుకున్నాను. అన్నీ చిన్న చిన్న విషయాలే, ఎవరైనా ఒక పూటలో చెప్పగలిగినవి. ఇంకో మనిషిని చీకట్లో నిలబెట్టే అవసరమే లేకుండా ఎలా తీయాలో కూడా నేర్చుకున్నాను. నేర్చుకున్నాక తీయబుద్ధి కాలేదు. కెమెరా బీరువాలో బూజుపట్టింది.

మరుసటి ఏడాది ఈస్టరునుంచి మాత్రం నేను అందరికన్నా ముందు సమాధుల తోటకి చేరుతున్నాను. మొదటి ఏడు అప్ప ఏమీ అనకుండా కొవ్వొత్తి నా చేతిలో పెట్టింది. రెండో ఏడూ అంతే. ఎన్నో ఏటనో గుర్తులేదు, గాలికి అగ్గిపుల్ల ఆరిపోతుంటే తన చెయ్యి అడ్డంపెట్టి, "కానీ తమ్ముడా" అంది. అయినా ఆ మొదటి పండుగ బాకీ తీరినట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు ఆ తోటలో చీకటే లేదు. నాలుగు మూలలా స్తంభాలు పాతి పెద్ద పెద్ద ఎల్ఈడీ దీపాలు పెట్టారు, పాములు తిరుగుతాయని, పెద్దవాళ్ళు పడిపోతున్నారని. మంచిదే. కొవ్వొత్తులు వెలిగిస్తే వెలిగాయో లేదో వంగి చూసుకోవలసి వస్తోంది. బావ సీరియల్ బల్బులు అటక ఎక్కాయి. ఆయనకి మోకాళ్ళు పట్టేసి చేతికర్ర వచ్చింది. చుట్ట మాత్రం పోలేదు.

మొన్న మనవరాలు ఆ ఫొటో తీసి నాకు చూపించి, ఫోనులో తలదూర్చి ఎటో వెళ్ళిపోయింది. అందరూ చెదిరిపోయి మాటల్లో పడ్డారు. నేనూ నా ఉడుకుమోత్తనంలో పడి, కాసేపటికి తలెత్తి చూస్తే, అమ్మ సమాధి పక్కన బావ ఒక్కడే ఉన్నాడు. చేతికర్ర నేలకానించి, గడ్డం కాస్త పైకెత్తి, కళ్ళార్పకుండా, కదలకుండా. ఫోను పైకెత్తిన క్షణంలో ఎలా నిలబడ్డాడో అలాగే. ఇన్నేళ్ళుగా ఎవరు ఫొటో తీసినా ఆయన అలాగే ఉండిపోతాడని ఇంట్లో పిల్లలు వెక్కిరిస్తారు, వయసైపోయింది, చెవుడు వచ్చిందనుకుంటారు. వాళ్ళకి తెలియదు, అది నేను నేర్పిన విద్య అని.

జేబులోంచి ఫోను తీసి, దాని టార్చి ఆయనకేసి రెండుసార్లు వెలిగించి ఆర్పాను. ఆ స్తంభాల వెలుగులో నా దీపం ఎక్కడ కనబడుతుంది? ఆయన కదల్లేదు. సమాధుల మధ్యనుంచి నడుచుకుంటూ దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి చెప్పాను, అయింది బావా, అయిపోయింది అని.

ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు.